జర్మన్ బీ1, బీ2 ప్రిపరేషన్: ఇంగ్లిష్‌లా కనిపించే పదాలని నేను ఎలా చదివానంటే

జర్మన్ భాషలో మధ్యస్థాయి పరీక్షలైన బీ1, బీ2 కి చదువుతున్న ఫ్రెండ్స్ అందరికీ నమస్తే. నర్సింగ్ చేసి జర్మనీ వెళ్దామనుకునేవాళ్ళు, మాస్టర్స్‌కి అప్లై చేసేవాళ్ళు, ఎవరిని కదిపినా గ్రామర్ గురించే భయపడతారు, డేర్, డీ, దాస్ అనే ఆర్టికల్స్‌లో ఏది ఎక్కడ, డాటివ్ (మన కి, కు లాంటి విభక్తి) ఎప్పుడు అని. గ్రామర్ కష్టమే, కాదనను. కానీ గోథే పరీక్షలో లేజెన్ (చదవడం), హ్యోరెన్ (వినడం), ష్రైబెన్ (రాయడం), ష్ప్రెషెన్ (మాట్లాడటం) అని నాలుగు మాడ్యూల్స్ ఉంటాయి కదా, ఒక్కోటి 100 మార్కులు, దేనికది విడిగా 60 తెచ్చుకోవాలి, వాటిలో చదవడం, వినడం ఈ రెండింట్లో మన మార్కులు తినేసేది ఎక్కువగా గ్రామర్ కాదు, మనకి తెలుసనుకున్న పదాలు. ఇంగ్లిష్ మీడియంలో చదివాం కాబట్టి ఇంగ్లిష్ మొహం ఉన్న పదం కనబడగానే దాని దగ్గర ఆగం, ముందుకెళ్ళిపోతాం. తెలియని పదం దగ్గరైతే ఆగి ఆలోచిస్తాం. తెలుసనుకున్న పదం దగ్గర ఎవరాగుతారు చెప్పండి.

నాకు బాగా పనికొచ్చిన పద్ధతి ఏంటంటే, జర్మన్ పదాన్ని ఇంగ్లిష్ మీదుగా తెచ్చుకోకుండా నేరుగా తెలుగులోకి దించుకోవడం. వినడానికి చిన్న విషయంలా ఉంటుంది కానీ దీనివల్ల చదివే తీరే మారిపోతుంది, అందుకే కొంచెం వివరంగా చెప్తాను.

ముందు అసలు ఈ గొడవ ఎందుకొచ్చిందో చూడండి. ఇంగ్లిష్, జర్మన్, డచ్, స్వీడిష్, డేనిష్, నార్వేజియన్, ఐస్‌లాండిక్ ఇవన్నీ జర్మానిక్ కుటుంబం, ఒకే మూలభాష నుంచి విడిపోయినవి. విడిపోయాక పదం రూపం దాదాపు అలాగే మిగిలింది, అర్థం మాత్రం ఒక్కో ఊళ్ళో ఒక్కో దారి పట్టింది. మనకిది కొత్తేం కాదు. సంస్కృతం నుంచి వచ్చిన శిక్ష అనే మాట మనకి తప్పు చేస్తే పడేది, హిందీలో చదువు. ఉపన్యాసం మనకి స్టేజీ మీద ఇచ్చేది, హిందీలో నవల. అవకాశం మనకి ఛాన్సు, హిందీలో అదే మాట సెలవు. హైదరాబాద్‌లో పెరిగినవాళ్ళు ఈ రెండు భాషలూ రోజూ మాట్లాడుతూ కూడా ఇవి కలిపెయ్యరు, ఎందుకంటే వాళ్ళు ఆ మాటల్ని డిక్షనరీలో కాదు, ఎక్కడ ఎవరు ఎందుకు అంటారో విని నేర్చుకున్నారు. జర్మన్‌కి కూడా అలాగే వెళ్ళాలి.

అందరికీ తెలిసిన ఉదాహరణ గిఫ్ట్. ఇంగ్లిష్‌లో కానుక, జర్మన్‌లో విషం, స్వీడిష్, డేనిష్, నార్వేజియన్‌లలో అయితే అదే స్పెల్లింగ్‌తో విషం అని ఒక అర్థం, పెళ్ళయినవాళ్ళు అని ఇంకో అర్థం. చాలామంది ఇది చూసి నవ్వుకుని వదిలేస్తారు, కానీ దీని వెనక కథ తెలిస్తే ఇక జన్మలో మర్చిపోరు. మూలం ఇవ్వడం అనే క్రియ. ఇచ్చింది కానుక, అది తేలికే. పాత ఇంగ్లిష్‌లో ఈ మాట పెళ్ళికూతురి కోసం ఇచ్చే సొమ్ముకి వాడేవాళ్ళు, స్కాండినేవియాలో పిల్లని ఇవ్వడం నుంచి పెళ్ళి అర్థం వచ్చింది, మనం కూడా పిల్లనిచ్చాం అంటాం కదా, అచ్చం అదే. మరి విషం? మందు మోతాదుకి గ్రీకు, లాటిన్‌లలో దోసిస్ అనే మాట ఉంది, దానికీ మూలార్థం ఇవ్వడమే, ఇప్పుడు మనం డోసు అనేది కూడా అదే. ఆ దారిలో జర్మన్‌లో ఇచ్చేది అంటే మందు, తర్వాత నేరుగా పేరు పెట్టి అనకుండా విషం. పాత కానుక అర్థం జర్మన్‌లో పూర్తిగా పోలేదు, మిట్‌గిఫ్ట్ అనే మాటలో దాక్కుని ఉంది, మిట్‌గిఫ్ట్ అంటే కట్నం. నర్సింగ్ వాళ్ళకి ఫెర్‌గిఫ్టుంగ్ అనే మాట ఎలాగూ వస్తుంది, విషం ఎక్కడం అని, అది నేర్చుకునే రోజునే ఇవన్నీ కలిపి రాసేసుకోండి.

నాకు ఇంతకన్నా ఇష్టమైనది సముద్రం, సరస్సుల తారుమారు. జర్మన్‌లో ఎస్ ఈ ఈ అని రాసి జే అంటారు, డేర్ జే అంటే సరస్సు, డీ జే అంటే సముద్రం, పదం ఒకటే, ఆర్టికల్ మారితే అర్థం మారిపోతుంది. బోడెన్‌జే సరస్సు, నోర్ట్‌జే సముద్రం. జర్మన్‌లో మేర్ అన్నా సముద్రమే. ఇప్పుడు పక్క దేశం నెదర్లాండ్స్‌కి వెళ్ళండి, అక్కడ మేర్ అంటే సరస్సు, జే అంటే సముద్రం, పూర్తిగా తలకిందులు. దీనికి భూమ్మీద కనిపించే సాక్ష్యం కూడా ఉంది. నెదర్లాండ్స్‌లో జౌడర్‌జే అని సముద్రపు పాయ ఒకటి ఉండేది, 1932లో దాని మూతికి అడ్డంగా 32 కిలోమీటర్ల కట్ట కట్టేశారు, లోపలి నీళ్ళు క్రమంగా మంచినీళ్ళయ్యాయి, పేరు కూడా ఐసెల్‌మేర్ అని మార్చారు, ఎందుకంటే అది ఇక జే కాదు, సరస్సు. జర్మనీలోనే ఉత్తరాన హనోవర్ దగ్గర ష్టైన్‌హూడర్ మేర్ అని ఉంది, పేరులో మేర్ ఉన్నా అది సరస్సే, ఆ ప్రాంతం మాట డచ్‌కి దగ్గర కాబట్టి. పరీక్షలో సెలవులకి ఎక్కడికెళ్ళారు అనే పాఠాలు చాలా వస్తాయి, అమ్ జే అంటే సరస్సు ఒడ్డున, అన్ డేర్ జే అంటే సముద్రం ఒడ్డున. అందుకే ఆర్టికల్ లేకుండా ఏ నామవాచకమూ రాసుకోవద్దని క్లాసులో మొత్తుకునేది.

ఇక అసలు పద్ధతికి వస్తాను. ఇంటర్నెట్‌లో ఇలాంటి పదాల లిస్టులు వందల్లో దొరుకుతాయి, అవన్నీ బట్టీ పట్టడం టైమ్ వేస్ట్ అని నా అభిప్రాయం. రోక్ అంటే స్కర్టు, వాండ్ అంటే గోడ, బ్రీఫ్ అంటే ఉత్తరం, టాగ్ అంటే రోజు, వీటితో ప్రమాదం లేదు, ఎందుకంటే ఇంగ్లిష్ అర్థం పెడితే వాక్యం అస్సలు కుదరదు, మీకే అనుమానం వచ్చి ఆగుతారు. ప్రమాదం ఎక్కడంటే రెండు అర్థాలూ వాక్యంలో చక్కగా కూర్చునే చోట. ఎవెంటుయెల్ చూడండి, ఎర్ కొమ్ట్ ఎవెంటుయెల్ అంటే వస్తే రావచ్చు అని, ఇంగ్లిష్ వాసనతో చదివితే చివరికి వస్తాడు అని అర్థమవుతుంది, రెండూ కుదురుతాయి, ఆన్సర్ మాత్రం తారుమారు. ఆక్టుయెల్ అంటే ప్రస్తుతం ఉన్నది, ఇంగ్లిష్ బుర్ర దాన్ని అసలైనది అని చదువుతుంది, అడ్రస్ ముందు పెడితే రెండూ సరిపోతాయి. ష్పెండెన్ అంటే విరాళం ఇవ్వడం, ఖర్చు పెట్టడం కాదు, పిల్లల కోసం డబ్బు ష్పెండెన్ చేసింది అంటే రెండూ నిజంలాగే ఉంటాయి. జెన్‌జీబెల్ అంటే సున్నిత మనస్కుడు, తెలివిగా ఆలోచించేవాడు కాదు. రెస్టారెంట్ కథలో షెఫ్ వస్తే అది వంటవాడు కాదు, బాస్, వంటవాడు కోఖ్. ఇవి ఎక్కువగా లాటిన్, ఫ్రెంచ్ వైపు నుంచి రెండు భాషల్లోకీ విడివిడిగా వచ్చినవి, జర్మానిక్ సొంత పదాలు కావు, అయినా దెబ్బ ఒకటే. నేను నోట్‌బుక్‌లో ఇలా రెండు వైపులా కుదిరే పదాలకి మాత్రమే పేజీ కేటాయించాను, ఒక్కో పదానికి ఒక పూర్తి జర్మన్ వాక్యం, పక్కన తెలుగు, అంతే, ఇంగ్లిష్ కాలమ్ లేదు. మోడల్ పేపర్ చేసినప్పుడల్లా ఆ పేజీకి ఒకటో రెండో చేరేవి.

జర్మానిక్ సొంత పదాల్లో ఫాస్ట్ ఉంది. జర్మన్‌లో దాదాపు అని. ఇష్ బిన్ ఫాస్ట్ ఫెర్టిష్ అంటే ఇంచుమించు అయిపోయింది. స్వీడిష్‌లో ఇదే స్పెల్లింగ్‌కి గట్టిగా, కదలకుండా అని అర్థం, మూలార్థం కూడా అదే, ఇంగ్లిష్‌లో కూడా ఫాసెన్ యువర్ సీట్ బెల్ట్స్ అన్నప్పుడు ఆ గట్టిగా అనేది బయటికొస్తుంది, వేగం తర్వాత వచ్చిన అర్థం.

ఇప్పుడు తెలుగు మనకి ఎంత సాయం చేస్తుందో చెప్తా, ఇది నేను మనస్ఫూర్తిగా నమ్మే విషయం. బీ1 లేజెన్ చివరి భాగంలో నియమాల పాఠం ఇస్తారు, హాస్టల్ రూల్స్, లైబ్రరీ రూల్స్ లాంటివి. గెస్టె మ్యూసెన్ జిష్ నిష్ట్ ఆన్‌మెల్డెన్ అని ఉందనుకోండి. మ్యూసెన్ అంటే మస్ట్, నిష్ట్ అంటే నాట్, కలిపితే మస్ట్ నాట్, అంటే చెయ్యకూడదు, అని ఇంగ్లిష్ దారి తీసుకెళ్తుంది. కానీ జర్మన్‌లో దాని అర్థం చెయ్యక్కర్లేదు. గెస్టులు ముందుగా పేరు ఇవ్వక్కర్లేదు, అంతే. చెయ్యకూడదు అనాలంటే నిష్ట్ డ్యూర్ఫెన్. డచ్ వాళ్ళు మళ్ళీ ఇంగ్లిష్ వైపే ఉన్నారు, వాళ్ళ మూటెన్‌కి నీట్ చేరిస్తే చెయ్యొద్దు అనే, అక్కర్లేదు అనడానికి వాళ్ళకి హూవెన్ అని వేరే క్రియ. మన భాషలో అక్కర్లేదు, కూడదు అని రెండు మాటలు ముందే విడివిడిగా సిద్ధంగా ఉన్నాయి, నిష్ట్ మ్యూసెన్ అక్కర్లేదు, నిష్ట్ డ్యూర్ఫెన్ కూడదు, ఇలా నేరుగా అతికించేసుకుంటే మధ్యలో ఇంగ్లిష్‌కి పనే లేదు.

బెకొమెన్ కూడా అంతే. ఇంగ్లిష్ బికమ్‌కి చుట్టమే, కానీ జర్మన్‌లో దొరకడం, రావడం, అందడం. ఇష్ హాబె ఐనెన్ బ్రీఫ్ బెకొమెన్, నాకు ఉత్తరం వచ్చింది. జాబ్ వచ్చింది, వీసా వచ్చింది, మార్కులు వచ్చాయి, మనం వచ్చింది అనే చోట చాలావరకు బెకొమెన్ హాయిగా సరిపోతుంది. విల్ అంటే ఫ్యూచర్ కాదు, కావాలని ఉండటం, ఎర్ విల్ గేయెన్ అంటే వాడికి వెళ్ళాలనుంది. చలేస్తే ఇంగ్లిష్‌లో నేను చల్లగా ఉన్నాను తరహాలో చెప్తారు, జర్మన్‌లో మియర్ ఇస్ట్ కాల్ట్, నాకు చలిగా ఉంది, అచ్చం మనలాగే కు పెట్టి. నచ్చడం కూడా అంతే, ఎస్ గెఫెల్ట్ మియర్, అది నాకు నచ్చింది. డాటివ్ అంటే భయపడేవాళ్ళు ఈ నాకు, నీకు, వాళ్ళకి అనే వైపు నుంచి మొదలుపెట్టి చూడండి, సగం భయం పోతుంది.

అలాగని ఇంగ్లిష్‌ని పూర్తిగా తీసి పారెయ్యమనడం లేదు, పదం చుట్టరికం పట్టుకోవడానికి అది బ్రహ్మాండంగా పనికొస్తుంది. జర్మన్‌లో పాత కాలంలో కొన్ని హల్లులు ఒక క్రమంలో మారాయి, ఇంగ్లిష్‌లో ట ఉన్నచోట జర్మన్‌లో త్స గానీ స గానీ, ప ఉన్నచోట ఫ, క ఉన్నచోట ఖ లాంటి శబ్దం. టెన్ త్సేన్ అయింది, వాటర్ వాసర్ అయింది, యాపిల్ అప్ఫెల్, మేక్ మాఖెన్. ఇలాంటి శబ్దమార్పుల లెక్కని 1822లో తన జర్మన్ వ్యాకరణం రెండో కూర్పులో వివరంగా పెట్టింది యాకోబ్ గ్రిమ్, మనం చిన్నప్పుడు చదివిన గ్రిమ్ కథల అన్నదమ్ముల్లో పెద్దాయన. ఈ లెక్కతో త్సౌన్ అనే పదం చూస్తే ఇంగ్లిష్ టౌన్ కనబడుతుంది, కానీ అర్థం కంచె. డచ్‌లో అదే పదం టి యు ఐ ఎన్ అని రాస్తారు, అర్థం తోట. కంచె, కంచె లోపలి తోట, కంచె లోపలి ఊరు, మూడు భాషలు మూడు చోట్ల ఆగాయి. అంటే శబ్దం చుట్టరికం చెప్తుంది, అర్థానికి గ్యారంటీ ఇవ్వదు. ష్లిమ్ కూడా అలాంటిదే, జర్మన్‌లో చెడ్డది, తీవ్రమైనది, డచ్‌లో స్లిమ్ అంటే తెలివైనవాడు, ఇంగ్లిష్‌లో సన్నగా ఉండటం, ఇంగ్లిష్ వాళ్ళు దీన్ని 17వ శతాబ్దంలో డచ్ దగ్గర్నుంచే తీసుకున్నారు, పాత అర్థం వంకర, ఏటవాలు. పేషెంట్ మిమ్మల్ని "ఇస్ట్ ఎస్ ష్లిమ్" అని అడిగితే సన్నగా ఉన్నానా అని కాదు, సీరియస్సా అని అడుగుతున్నట్టు.

నర్సింగ్ వాళ్ళకి ఇంకొన్ని. విజిటె అంటే డాక్టర్ రౌండ్స్, చూడ్డానికి వచ్చేవాళ్ళది బెజూఖ్. ప్రాక్సిస్ అంటే డాక్టర్ క్లినిక్. రెట్సెప్ట్ అంటే మందుల చీటీ, వంట పాఠంలో వస్తే వంట చేసే విధానం. గిప్స్ అంటే విరిగిన కాలికి వేసే కట్టు, ప్ఫ్లాస్టర్ అంటే చిన్న గాయానికి అంటించేది.

హ్యోరెన్‌లో మాత్రం టైమ్, అంకెలు ముందే నోటికి వచ్చి ఉండాలి, బీ1లో రెండో, మూడో భాగాలు ఒక్కసారే వినిపిస్తారు. హాల్ప్ డ్రై అంటే రెండున్నర. డచ్, స్వీడిష్ వాళ్ళకీ అంతే, మూడో గంటలో సగం అని లెక్క. బ్రిటిష్ వాళ్ళు హాఫ్ త్రీ అంటే మూడున్నర. అంకెల్లో మిలియార్డె అంటే వంద కోట్లు, బిలియోన్ అంటే లక్ష కోట్లు, ఇంగ్లిష్ బిలియన్ కాదు, ఇక్కడ కూడా కోట్లలోకి నేరుగా దించుకుంటే గందరగోళం ఉండదు.

ష్ప్రెషెన్‌లో పార్ట్‌నర్‌తో ప్లాన్ చేసే భాగంలో ఆల్జో అని మొదలుపెట్టండి, దాని అర్థం ఇంగ్లిష్ ఆల్సోలా "కూడా" అని కాదు, "సరే మరి", "అయితే" అని, మాట కలపడానికి చాలా సహజంగా ఉంటుంది. "కూడా" అనడానికి ఆవుఖ్. ఇష్ విల్ అని మొహమ్మీద కొట్టినట్టు అనకుండా ఇష్ మ్యోష్టె అనండి, కలుద్దామా అనడానికి వోలెన్ వియర్ ఉన్స్ అమ్ జామ్‌స్టాగ్ ట్రెఫెన్, శనివారం కలుద్దామా. ఎదుటివాళ్ళు హాల్ప్ ఫ్యున్ఫ్ అంటే నాలుగున్నరకి ఒప్పుకున్నట్టు, అది గట్టిగా తిరిగి చెప్పి కన్ఫర్మ్ చేసుకోండి.