కోడ్ రాయడంలో ఏఐ మీద ఆధారపడటం తగ్గించుకున్న తీరు: నా అనుభవం

ముందుగా ఆపింది, టైప్ చేస్తుంటే ఏఐ సూచనగా బూడిదరంగులో దానంతటదే వచ్చే కోడ్‌ని. నేను కోడ్ రాసే ఎడిటర్ వీఎస్ కోడ్ సెట్టింగ్స్‌లో ‘ఇన్‌లైన్ సజెస్ట్’ అని వెతికి టిక్ తీసేస్తే చాలు. ఏఐతో చాట్ మాత్రం ఉంచుకున్నాను. చాట్‌లో అడగాలంటే ప్రశ్న ఏమిటో మనకు తెలిసి ఉండాలి. బూడిదరంగు అక్షరాలు మాత్రం ఆలోచన మొదలవకముందే, సూచనను ఒప్పుకునే ట్యాబ్ మీటను నొక్కించేస్తాయి.

సింటాక్స్ (కోడ్ రాసే నియమాలు) గుర్తు రాకపోవడం పెద్ద ఇబ్బంది కాదు, డాక్యుమెంటేషన్‌లో రెండు నిమిషాల్లో దొరుకుతుంది. అసలు కష్టం ఎర్రర్ వచ్చినప్పుడు. చదవకుండానే, దాన్ని ఏఐకి ఇవ్వడానికి చెయ్యి కాపీ మీదికి పోతుంది. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాను. పైథాన్ ట్రేస్‌బ్యాక్‌ని (ఎర్రర్ ఎక్కడ వచ్చిందో చూపే వరుసలని) కింది నుంచి పైకి చదవాలి: చివరి వరుసలో ఎర్రర్ రకం ఉంటుంది, అక్కడి నుంచి పైకి వెళ్తూ మన ఫైల్ పేరు ఎక్కడ తగిలితే అక్కడ ఆగాలి. కారణం ఏమై ఉంటుందో ఒక్క వాక్యం కాగితం మీద రాయాలి. ప్రోగ్రామ్‌ని మధ్యలో ఆపే బ్రేక్‌పాయింట్ పెట్టి 20 నిమిషాలు వేరియబుల్స్‌లో ఏ విలువలున్నాయో చూడాలి. అప్పటికీ తెగకపోతే ఏఐని అడగాలి, నా ఊహ కూడా జోడించి. రాసిన ఊహ తప్పయినా పనికొస్తుంది. ఏ భాగం మనకు అర్థం కాలేదో అదే చూపిస్తుంది.

ఏఐ రాసిన పాత కోడ్‌ని ఇలాగే తిరిగి చదివితే రోజువారీ ఆర్డర్ల రిపోర్ట్‌లో తప్పు బయటపడింది. తేదీని యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) సమయం నుంచి నేరుగా తీసుకుంది. మన సమయం దానికంటే 5:30 గంటలు ముందు. కాబట్టి అర్ధరాత్రి నుంచి ఉదయం 5:30 లోపు వచ్చిన ఆర్డర్లన్నీ ముందురోజు లెక్కలో పడుతున్నాయి. కోడ్ సరిగా పనిచేస్తోందో చూసే టెస్టులన్నీ పాసే! టెస్టులు రాసిందీ ఏఐనే, ప్రతి ఆర్డర్‌కీ మధ్యాహ్నం 12 గంటలు వేసింది. ఆ వేళకి యూటీసీలోనూ మన దగ్గరా తేదీ ఒకటే. కోడ్‌లో ఏ పొరపాటు ఉందో టెస్ట్‌లోనూ అదే ఉంటే టెస్ట్ దేన్ని పట్టుకుంటుంది? డేటాబేస్‌లో యూటీసీనే ఉంచి, తేదీ తీసే చోట మాత్రం ఆసియా/కోల్‌కతా జోన్‌కి మార్చాను. రాత్రి 12:05కీ, ఉదయం 5:29కీ, 5:31కీ టెస్టులు చేత్తో రాశాను. అప్పటి నుంచి టెస్ట్ ముందు నేను రాస్తాను, అది ఫెయిలవడం చూశాకే కోడ్ అడుగుతాను.

ఏఐ చెప్పిన ప్యాకేజీని (వేరేవాళ్లు రాసిపెట్టిన కోడ్‌ని) వెంటనే ఇన్‌స్టాల్ చేయను. లేని పేర్లను అది కల్పిస్తుంది, ఆ పేర్లతోనే హానికరమైన ప్యాకేజీలు పెట్టేవాళ్లున్నారు. పైథాన్ ప్యాకేజీలు దొరికే పైపీఐ సైట్‌లో మొదటి రిలీజ్ తేదీ, సోర్స్ లింక్ చూస్తాను.

వేగం సంగతి. 2025లో మెటర్ (METR) అనే ఏఐ పరిశోధన సంస్థ 16 మంది అనుభవజ్ఞులైన ఓపెన్ సోర్స్ డెవలపర్లతో 246 పనులు చేయించి చూసింది. ఏఐ వాడినప్పుడు 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. వాళ్లు మాత్రం 20 శాతం త్వరగా అయిందనుకున్నారు. అందుకే నా అంచనాను నమ్మను. టికెట్ (అప్పగించిన పని) తీసుకున్న సమయం, కోడ్ ప్రాజెక్టులో మెర్జ్ అయిన (కలిసిన) సమయం, తర్వాత వచ్చిన బగ్ సవరణలకు పట్టిన సమయం, మూడూ ఒకే షీట్‌లో రాసుకుంటున్నాను.