అడ్డంగా పడ్డ చిల్లు: తూటాలు సొంతంగా నింపుకోవడంలో నా అనుభవం

నా మొదటి రైఫిల్ .223 రెమింగ్టన్ అనే రకం తూటా కాల్చేది. కొన్న తూటాలు వంద మీటర్ల దగ్గర బాగానే పడేవి. మూడు వందల దగ్గరికొచ్చేసరికి కొద్దిపాటి గాలికే పక్కకు జరిగిపోయేవి. పొడవాటి, బరువైన బుల్లెట్ అయితే గాలికి అంతగా లొంగదని చదివాను. సరే, ఇత్తడి కేసులు (తూటా గొట్టాలు), మందుని అంటించే ప్రైమర్లు, తుపాకి మందు, ముందుకి ఎగిరే బుల్లెట్లు విడివిడిగా తెచ్చుకుని తూటాలు నేనే నింపుకుందామని దిగాను.

బుల్లెట్ డబ్బా మీద బీసీ అని ఒక అంకె ఉంటుంది. బాలిస్టిక్ కోఎఫిషియంట్. ఆ అంకె ఎంత ఎక్కువైతే బుల్లెట్ గాలిని అంత తేలిగ్గా చీల్చుకుపోతుంది. నేను ఆ ఒక్క అంకే చూసి 75 గ్రెయిన్ల బుల్లెట్లు ఎంచుకున్నాను. గ్రెయిన్ అంటే దాదాపు 65 మిల్లీగ్రాములు. వంద మీటర్ల దగ్గర పది తూటాలు కాల్చి టార్గెట్ తెచ్చి చూస్తే, కాగితానికి ఆరే తగిలాయి. తగిలిన చిల్లులు గుండ్రంగా లేవు. ఒకటైతే బుల్లెట్‌ని పక్కకి పడుకోబెట్టి చుట్టూ గీత గీసినట్టుంది. ముక్కు ఎటో, తోక ఎటో కూడా తెలుస్తోంది. అంటే బుల్లెట్ దొర్లుకుంటూ వచ్చి తగిలిందన్నమాట.

బ్యారెల్ లోపలి గాడులు బుల్లెట్‌ని తిప్పుతాయి. ఎన్ని అంగుళాలకి ఒక చుట్టు తిప్పితే అది ఆ బ్యారెల్ ట్విస్ట్. నాదెంతో అప్పటిదాకా చూసుకోలేదు. శుభ్రం చేసే రాడ్‌కి గుడ్డ ముక్క బిగుతుగా చుట్టి, రాడ్ మీద గుర్తు పెట్టి, మెల్లగా లోపలికి తోశాను. గుర్తు ఒక చుట్టు తిరిగి పైకొచ్చేసరికి రాడ్ 12 అంగుళాలు వెళ్లింది. ఆ వేగంతో తిరిగితే 55 గ్రెయిన్ల పొట్టి బుల్లెట్ నిలకడగా పోతుంది. 75 గ్రెయిన్ల పొడవాటి దానికి 8 అంగుళాలకో చుట్టు కావాలి. అందుకే కొత్తగా మొదలుపెట్టేవాళ్లు నన్నడిగితే ముందు బ్యారెల్ కొలవమంటాను. బుల్లెట్ సంగతి ఆ తర్వాత.

తర్వాత 6.5 క్రీడ్‌మోర్ అనే ఇంకో రకం తూటా కాల్చే రైఫిల్ తీసుకున్నాను. ట్విస్ట్ 8 అంగుళాలు, 140 గ్రెయిన్ల బుల్లెట్. అసలు పని నేర్చుకున్నది దీనితోనే.

వాడిన కేసుని డై అనే గట్టి అచ్చులో పెట్టి నొక్కి మళ్లీ కొలతకి తేవాలి. దాని భుజాన్ని, అంటే మెడ కింద ఏటవాలుగా ఉండే చోటుని, అంగుళంలో వెయ్యింట రెండు వంతులు వెనక్కి జరిపితే చాలు, మామూలు కాగితం మందంలో సగం. అంతకంటే ఎక్కువ జరిపితే కాల్చిన ప్రతిసారీ ఇత్తడి సాగి, చివరికి అడుగు దగ్గర తెగుతుంది. పేపర్ క్లిప్ కొన వంచి కేసు లోపల గీస్తే పల్చబడ్డ చోట తట్టుకుంటుంది. అలాంటివి తీసి పారేస్తాను. డైలో పెట్టేముందు కేసుకి పూసే నూనె తక్కువైతే అది లోపలే ఇరుక్కుపోతుంది. నాకు ఒకసారి అలాగే అయింది, డ్రిల్లు పెట్టి లాగాల్సొచ్చింది. నూనె ఎక్కువైతే భుజం మీద సొట్ట పడుతుంది.

మందు తూచేటప్పుడు బల్ల మీద ఒక్క డబ్బానే ఉండాలి. రెండు రకాల మందులు చూడ్డానికి ఒకేలా ఉంటాయి, మండే తీరు వేరు. ఎంత మందు పోయాలో నేనిక్కడ రాయను. అది లోడింగ్ మాన్యువల్‌లో చూసుకోవాలి, అందులో ఇచ్చిన తక్కువ పరిమాణంతోనే మొదలుపెట్టాలి. ఒక సాయంత్రం యాభై కేసులు నింపుతుండగా మధ్యలో ఫోన్ వచ్చి లేచాను. తిరిగొచ్చి పని ముగించి, అలవాటు ప్రకారం టార్చి వేసి వరుసగా లోపలికి చూశాను. నలభై తొమ్మిదింటిలో మందు ఒకే ఎత్తులో కనబడింది. ఒక్కదానిలో మాత్రం చీకటి. మందు లేకుండా ప్రైమర్ ఒక్కటే పేలితే బుల్లెట్ బ్యారెల్ మధ్యలో ఆగిపోతుంది. అది తెలియక వెనకాలే ఇంకొకటి కాలిస్తే బ్యారెల్ పగులుతుంది. ఆ రోజు నాకు చేతులు చల్లబడ్డాయి. ఇప్పుడు మందు పోసే పని మొదలుపెట్టానంటే ఫోన్ వేరే గదిలోనే.

మందు కొంచెం కొంచెంగా పెంచుతూ పోయేటప్పుడు ఒత్తిడి మితిమీరిందేమోనని, తూటా వెనక మూసే బోల్ట్ ఎత్తడం బరువెక్కిందా, ప్రైమర్ చదునయిందా, కేసు అడుగున మెరిసే అచ్చు పడిందా అని ప్రతి తూటాకీ చూస్తాను. ఒక ఎండ రోజున మాన్యువల్ గరిష్ఠానికి ఇంకా కిందే ఉండగానే బోల్ట్ బిగుసుకుంది. అక్కడితో ఆపి, మిగిలిన తూటాలు ఇంటికి తెచ్చి విప్పేశాను.

నన్ను ఎక్కువ కాలం తప్పుదారి పట్టించింది మాత్రం మూడు తూటాల గ్రూప్, అంటే ఒకే గురికి కాల్చిన చిల్లుల గుంపు. ఒక లోడ్, అంటే మందు, బుల్లెట్ల ఒక కలయిక, వంద మీటర్ల దగ్గర మూడు చిల్లుల్నీ ఒకదానికొకటి ఆనించి పెట్టింది, సెంటీమీటరు కూడా లేదు. సంబరంగా వంద నింపాను. తర్వాతి వారం అదే లోడ్‌తో పది కాలిస్తే రెండున్నర సెంటీమీటర్లు వచ్చింది. రైఫిల్ చెడలేదు, లోడ్ మారలేదు. మూడింటితో అసలు విస్తీర్ణం బయటపడదు, అంతే. అప్పట్నుంచి పదికి తక్కువ కాల్చి ఏ లోడ్ గురించీ మాట్లాడను.

బుల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ పెట్టాక ఇంకో విషయం తెలిసింది. నా తూటాల వేగంలో సెకనుకి 60 అడుగుల దాకా తేడా ఉంది. వంద మీటర్లలో అది కనబడదు. 30 అడుగుల తేడా ఉన్నా ఆరు వందల మీటర్ల దగ్గర బుల్లెట్ సుమారు ఎనిమిది సెంటీమీటర్లు పైకో కిందికో పడుతుంది. ఒకే లాట్ (ఒకే విడతలో తయారైన) కేసులు, అన్నీ ఒకే లెక్కన వాడినవి తీసుకుని, మందు గ్రెయిన్‌లో పదో వంతు వరకు తూచడం మొదలుపెట్టాక తేడా సగానికి దిగింది. బుల్లెట్లను బరువును బట్టి వేరు చేయడం కూడా చేశాను. నాకు దానివల్ల ఏ లాభమూ కనబడలేదు, మానేశాను.

వేటకి బుల్లెట్ ఎంచుకోవడంలో మళ్లీ మొదటికొచ్చాను. మ్యాచ్ బుల్లెట్ (గురి పోటీలకి చేసేది) ముక్కుకున్న చిన్న రంధ్రం తయారీలో మిగిలేది, జంతువు ఒంట్లో విచ్చుకోవడానికి పెట్టింది కాదు. సూదిలా దూసుకుపోవచ్చు, పైపైనే ముక్కలైపోవచ్చు. జంతువు నరకయాతన పడుతుంది. అందుకని మొత్తం రాగితో చేసిన బుల్లెట్ తీసుకున్నాను. రాగి సీసం కంటే తేలిక కాబట్టి అదే బరువుకి బుల్లెట్ పొడవవుతుంది, మళ్లీ ట్విస్ట్ లెక్క చూసుకోవాల్సిందే. నాది 127 గ్రెయిన్లు, 8 అంగుళాల ట్విస్ట్ ఉన్న బ్యారెల్‌కి సరిపోయింది. విచ్చుకోవాలంటే తగిలేటప్పుడు సెకనుకి కనీసం 1,800 అడుగుల వేగం ఉండాలని తయారీదారు చెప్పిన మాట. నా లెక్కలో అది నాలుగు వందల యాభై మీటర్ల దగ్గర తీరిపోతుంది. అయినా నేను పెట్టుకున్న హద్దు మూడు వందలు. జంతువు టార్గెట్‌లా నిలబడి ఉండదు, గాలి కూడా లోయకి ఈ వైపు ఒకలా, ఆ వైపు ఒకలా ఉంటుంది.

మొన్న మందు డబ్బా అయిపోయింది. కొత్త డబ్బా అదే రకం, లాట్ నంబర్ వేరు. నోట్‌బుక్‌లో కొత్త పేజీ తీసి పైన ఆ నంబర్ రాశాను. మళ్లీ తక్కువ మందు నుంచి మొదలు, పది తూటాలు, క్రోనోగ్రాఫ్ ముందు.