పదకొండో తేదీ, ఇరవయ్యో తేదీ: పని చేసుకుంటూ ఎంకాం చదివిన నా అనుభవం

నేను ఎచ్చెర్లలో ఉన్న అంబేడ్కర్ యూనివర్సిటీలో 2024లో ఎంకాంలో చేరాను. మాది నరసన్నపేట దగ్గర పల్లె. నాన్న వరి సాగు చేస్తారు, తమ్ముడు పాలిటెక్నిక్ చదువుతున్నాడు. నెలనెలా ఇంటి నుంచి డబ్బు తెప్పించుకోవడం కుదరదని చేరిన కొత్తలోనే తెలిసిపోయింది. శ్రీకాకుళం డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర, మేడ మీద ఉన్న ఒక ట్యాక్స్ కన్సల్టెంట్ ఆఫీసులో పనికి కుదిరాను. సాయంత్రం నాలుగున్నర నుంచి ఎనిమిదిన్నర వరకు, మళ్లీ ఆదివారం పొద్దున. జీతం ఆరు వేలు. ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి టౌన్లోనే గది తీసుకున్నాం.

మా క్లాసులో నాలాంటి వాళ్లు చాలామందే ఉన్నారు. ఒకతను పెట్రోల్ బంకులో రాత్రి డ్యూటీ చేసి, కళ్లు మంటలెత్తుతుంటే వచ్చి మొదటి బెంచీలో కూర్చుంటాడు. ఇంకో అమ్మాయి పిల్లలకి ట్యూషన్లు చెప్పి ఇంటికి డబ్బు పంపుతుంది. వాళ్లలో ఎవరికైనా పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

మొదటి ఏడాది నేను అందరూ చేసేదే చేశాను. టైమ్‌టేబుల్ రాసి గోడకి అంటించాను. ఐదింటికి లేవాలి, ఏడు వరకు చదవాలి, తొమ్మిదికి బస్సెక్కాలి, రాత్రి పది నుంచి పదకొండున్నర మళ్లీ చదువు. వారం రోజులు బాగానే సాగేది. ఎనిమిదో రోజు ఆఫీసులో తొమ్మిదిన్నర అయిపోయేది, మర్నాడు ఐదింటికి లేవలేకపోయేదాన్ని. అలా రెండు మూడుసార్లు తప్పేసరికి నా మీద నాకే నమ్మకం పోయింది. నాకు క్రమశిక్షణ లేదేమో అనుకున్నాను. రాత్రిళ్లు ఏడ్చిన రోజులు కూడా ఉన్నాయి.

అసలు దెబ్బ 2025 సెప్టెంబరులో తగిలింది. అప్పుడు నాది మూడో సెమిస్టరు. ఆడిట్ అవసరం లేనివాళ్లు ఆదాయపు పన్ను రిటర్ను అప్పట్లో జులై 31 లోపు వేయాల్సి ఉండేది, ఆ ఏడాది గడువు సెప్టెంబరు 15కి పెంచారు, చివర్లో మరో రోజు ఇచ్చారు. అంటే జులైలో అయిపోవాల్సిన పని సెప్టెంబరు మీద పడింది. జీఎస్టీ రిటర్నులు ఎలాగూ ఉన్నాయి. అవి ముగిశాయనుకునేలోపు 22వ తేదీ నుంచి కొత్త రేట్లు. 12, 28 శాతం శ్లాబుల్లోని సరుకులు చాలావరకు 5కో 18కో మారాయి. సిమెంటు 28 నుంచి 18కి, సబ్బులు, బిస్కెట్లు, టూత్‌పేస్టు 18 నుంచి 5కి వచ్చాయి. కిరాణా వాళ్లు, సిమెంటు డీలర్లు అందరూ ఒకేసారి ఫోన్లు: "అమ్మా, బిల్లింగులో రేటు ఎలా మార్చాలి? పాత స్టాకు సంగతేటి?"

ఆ హడావిడిలోనే ఒక తప్పు చేశాను. ఒక డీలరు అమ్మకం బిల్లుని, కొన్నవాళ్ల జీఎస్టీ నంబరు లేకుండా మామూలు గిరాకీకి అమ్మినట్టు ఎక్కించేశాను. కొన్నవాళ్లకి ఆ బిల్లు కనిపించలేదు, వాళ్లకి రావాల్సిన క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టిన పన్నుకి తగ్గింపు, రాలేదు. మరుసటి నెల రిటర్నులో సరిచేశాం. సార్ కోప్పడలేదు, అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది. అదే నెల చివర్లో మిడ్ పరీక్షలు. ట్యాక్స్ పేపర్లోనే నాకు సగం మార్కులు కూడా రాలేదు. రోజూ చేతులతో చేస్తున్న సబ్జెక్టే అది.

ఇంకోటి జరిగింది. విజయనగరంలో నాకు డిగ్రీ నుంచి ఉన్న స్నేహితురాలు తన అక్క నిశ్చితార్థానికి పిలిచింది. వస్తానన్నాను. వెళ్లలేదు, కనీసం ముందుగా చెప్పలేదు. నాలుగు రోజుల తర్వాత ఫోన్ చేస్తే, "నీకు పనుందని నాకు తెలుసు. రాలేనని చెప్పడానికి కూడా టైం లేదా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

దసరా సెలవుల్లో ఇంట్లో కూర్చుని ఏడాది పని డైరీ తిరగేశాను. అప్పుడు కనిపించింది. నా పని రోజుకి నాలుగు గంటల చొప్పున సమంగా రావడం లేదు, నెలలో ఆటుపోట్లలా వస్తోంది. పదకొండో తేదీ లోపు అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1. పద్నాలుగున పోర్టల్లో 2బీ, అంటే అమ్మినవాళ్లు ఎక్కించిన బిల్లుల పట్టిక వస్తుంది, దాంతో కొనుగోళ్లు సరిచూసుకుని ఇరవై లోపు పన్ను కట్టే రిటర్ను 3బీ వెయ్యాలి. మూడు నెలలకోసారి వేసే చిన్న వ్యాపారులకి మన రాష్ట్రంలో 22 వరకు గడువు. పదకొండు, ఇరవై తేదీల్లో ఎనిమిదిన్నరకి బయటపడటం అసాధ్యం. రిటర్ను సిద్ధంగా ఉన్నా ఓటీపీ చెప్పాల్సిన వ్యాపారి ఫోన్ ఎత్తడు. కానీ పన్నెండు, పదమూడు తేదీలు దాదాపు ఖాళీ. 23 నుంచి నెలాఖరు వరకు నాలుగు గంటలు కూడా పని ఉండదు, ఊరికే కూర్చునేదాన్ని.

గోడ మీద టైమ్‌టేబుల్ చింపేసి నెల క్యాలెండర్ పెట్టాను. ధైర్యం చేసి సార్‌తో మాట్లాడాను. "సార్, 23 తర్వాత రెండు గంటలే వస్తాను. బదులుగా ఎనిమిదో తేదీ నుంచి పదకొండో తేదీ వరకు, పద్దెనిమిది నుంచి ఇరవై వరకు ఎంత రాత్రైనా ఉంటాను" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "మరి ముందే అడగాల్సిందమ్మా. రాత్రయితే మా ఆవిడ బండి మీద దింపుతుంది" అన్నారు. ఏడాదిగా ఆ ఒక్క మాట అడగడానికే భయపడ్డాను.

సెమినారు పేపర్లు, అసైన్‌మెంట్లు అన్నీ 23 తర్వాతకి జరిపాను. పని పోటు ఎక్కువున్న రోజుల్లో కొత్త పాఠం ముట్టుకోను, క్లాసులో విన్నది బస్సులో ఒకసారి తిరగేస్తాను, అంతే. ఆగస్టు 15న ఆడవాళ్లకి ఉచిత బస్సు పథకం స్త్రీశక్తి వచ్చాక ఆధార్ చూపిస్తే జీరో టికెట్, షేర్ ఆటో ఖర్చు తప్పింది. పల్లెవెలుగు నెమ్మదిగా వెళ్తుంది, కిటికీ పక్కన సీటు దొరికితే పది పేజీలు అవుతాయి. హాజరు మాత్రం ఎప్పుడూ వదల్లేదు. 75 శాతం తగ్గితే తర్వాత పడే తిప్పలు మా సీనియర్ల దగ్గర చూశాను.

స్నేహితురాలికి నా క్యాలెండర్ ఫోటో తీసి పంపాను. పని ఎక్కువని ఎర్రగా గుర్తు పెట్టిన రోజుల్లో పిలిస్తే రాలేనని, మిగతా రోజుల్లో పిలిస్తే తప్పకుండా వస్తానని రాశాను. దసరా తర్వాత వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను జాతర. అది ఏడో తేదీ పడింది, ఎరుపుకి ఒక్క రోజు ముందు. "రా, చూద్దాం" అంది. ఆదివారం రోజంతా కూర్చుని బిల్లులు ఎక్కించేసి వెళ్లాను. మూడు లాంతర్ల దగ్గర జనంలో ఇద్దరం చెయ్యి చెయ్యి పట్టుకుని నిలబడ్డాం. నిశ్చితార్థం మాట తను ఎత్తలేదు, నేనే ఎత్తి క్షమించమన్నాను.

అన్నీ సర్దుకున్నాయని చెప్పను. మార్చి నెలాఖరులో ఏ క్యాలెండరూ పనిచేయదు. నిద్ర ఇప్పటికీ తక్కువే. ఊళ్లో అమ్మవారి పండక్కి ఈసారి కూడా వెళ్లలేదు. కానీ మూడో సెమిస్టరు రెండో మిడ్‌లో ట్యాక్స్ పేపరు బాగా రాశాను. నాలుగో సెమిస్టరు ప్రాజెక్టుకి ఆఫీసు పనే దారి చూపించింది. రైతుల దగ్గర జీడి పిక్కలు కొన్న పలాస వ్యాపారి, పన్ను అమ్మినవాళ్లు కాకుండా తనే కట్టాలి, దీన్నే రివర్స్ ఛార్జీ అంటారు. పుస్తకంలో నాలుగు వాక్యాలే ఉన్న ఆ విషయం వాళ్ల లెక్కల్లో ఎన్ని మలుపులు తిరుగుతుందో నేను కళ్లారా చూశాను. దాని మీదే రాస్తున్నాను.

2026 రథసప్తమి జనవరి 25, ఆదివారం వచ్చింది. 22 దాటిపోయింది కాబట్టి అమ్మని రమ్మన్నాను. అర్ధరాత్రి నుంచి అరసవల్లిలో క్యూలో నిలబడ్డాం. చలికి ఇద్దరం ఒకే దుప్పటి కప్పుకున్నాం. ఆ క్యూలోనే అమ్మకి నా నెల లెక్కంతా చెప్పాను. వినేసి, "అయితే పదకొండు, ఇరవై నీకు ఫోన్ చెయ్యను" అంది.

ఇంటికెళ్లి గోడ క్యాలెండర్లో ఆ రెండు తేదీలకీ పసుపుతో చుక్కలు పెట్టుకుందట, తమ్ముడు చెప్పాడు. ఫిబ్రవరి పన్నెండు, పొద్దున ఆరు కాకుండానే ఫోన్ మోగింది. "ఏటే, నిన్న రాత్రి తిన్నావా?"