మాలిబులో ఆ పాక కోసం

శాంటా మోనికాలో రైలు దిగి మాలిబు వెళ్లే 134 నంబరు బస్సు కోసం నలభై నిమిషాలు ఎండలో నిలబడ్డాను. "ఆదివారం దాకా ఆగవే, మీ బావ కారులో తీసుకెళ్తారు" అని అక్క చెబుతూనే ఉంది. నాకు ఆగబుద్ధి కాలేదు. టికెట్ డాలరూ ముప్పావు. అక్కావాళ్లింటికి వచ్చిన ఈ నెల రోజుల్లో లాస్ ఏంజెలెస్‌లో చవగ్గా దొరికింది అదొక్కటే.

బస్సు కోస్ట్ హైవే ఎక్కగానే ఎడమవైపంతా సముద్రం. ఒకప్పుడు ఇక్కడ ఇంత సముద్రం కనపడేది కాదట, ఒడ్డున వరసగా కట్టిన ఇళ్లు కప్పేసేవట. 2025 జనవరిలో పాలిసేడ్స్ కార్చిచ్చు వచ్చి ఆ ఇళ్లను తినేసింది. నేను వెళ్లింది ఆగస్టులో. శిథిలాలు చాలావరకు ఎత్తేశారు. ఇసుకలో కాంక్రీటు స్తంభాలు, గేటు లేని గేటు దిమ్మెలు, ఒక చోట పైన ఇల్లు లేకుండా నీళ్ల వైపు దిగుతున్న ఏడెనిమిది మెట్లు. నా పక్క సీట్లో ఇళ్లలో పనికి వెళ్లే ఒక పెద్దావిడ ఉంది. ఒక ఖాళీ స్థలం దగ్గర అద్దానికి అరచెయ్యి ఆనించి, "పదకొండేళ్లు ఇక్కడే చేశాను" అంది. వచ్చీరాని ఇంగ్లీషులో వంటిల్లు ఏ మూల ఉండేదో, కిటికీలోంచి ఏం కనిపించేదో చెప్పింది. ఆ స్థలం దాటిపోయాక కూడా చెయ్యి తియ్యలేదు.

నాకు హుద్‌హుద్ గుర్తొచ్చింది. 2014 అక్టోబరు తుపాను మర్నాడు విశాఖలో చెట్లన్నీ పడిపోయి, మా మేడ మీంచి అంతకుముందు ఎన్నడూ కనపడని సముద్రం కనపడింది. బావుంది కదా అన్నాను. అమ్మ మాత్రం చూడలేక లోపలికి వెళ్లిపోయింది. ఆ రోజు ఆవిడ ఎందుకు వెళ్లిపోయిందో ఈ బస్సులో అర్థమైంది.

అసలు మాలిబు వెళ్లాలన్న కోరిక ముప్ఫై ఏళ్ల నాటిది. ఒక వేసవి సెలవుల్లో మా కేబుల్ ఆపరేటర్ మధ్యాహ్నం పూట తన దగ్గరున్న పాత ఇంగ్లీషు సినిమాలు వేసేవాడు. అలా చూశాం 'గిడ్జెట్'. 1959లో వచ్చిన సినిమా. స్కూలు చదివే ఓ చిన్న పిల్ల మాలిబు ఒడ్డున అలల మీద ఆడే కుర్రాళ్ల మధ్యకి వెళ్లి, సర్ఫింగ్ నేర్చుకుని, వాళ్లలో ఒకడిని ప్రేమిస్తుంది. సాండ్రా డీ హీరోయిన్, జేమ్స్ డారెన్ హీరో. అక్క మనసంతా ఆ హీరో మీదే. 2024లో ఆయన పోయారని తెలిసిన రోజు నాకు ఫోన్ చేసి మరీ చెప్పింది. నాకు మాత్రం ఇసుక మీద ఆకులతో వేసిన పాక గుర్తుండిపోయింది. అందులో ఉంటే పొద్దున్న లేవగానే అలే కదా అనుకునేదాన్ని.

మా ఇంటికీ లాసన్స్ బేకీ పది నిమిషాల నడక. అక్కడ జాలరి పిల్లలు తెప్ప దుంగ మీద బోర్లా పడుకుని అలతోపాటు ఒడ్డుకి కొట్టుకొచ్చేవాళ్లు. పెద్దవాళ్లు వేట నుంచి వస్తూ, వెనక అల లేచేదాకా ఆగి, సరిగ్గా దాని నెత్తికెక్కి తెప్పని ఇసుక మీదికి తెచ్చేవాళ్లు. తాళ్లు విప్పి దుంగలు విడదీసి ఎండబెట్టుకునేవాళ్లు. మేం ఒడ్డున నిలబడి చూసేవాళ్లం. మోకాలు దాటి దిగడానికి అమ్మ ఒప్పుకునేది కాదు. అది ఉత్తుత్తి భయం కాదు. ఆర్‌కే బీచ్‌లో ఎంతమంది పిల్లలు కొట్టుకుపోయారో విశాఖవాళ్లకి చెప్పక్కర్లేదు. కానీ ఆ దుంగల మీద ఒక్క ఆడపిల్ల కూడా ఉండేది కాదు. నేను అప్పుడూ అది గమనించాను.

మాలిబు వంతెన దగ్గర దిగి ఒడ్డుకి వెళ్తే ఆ అల కనిపించింది. ఫస్ట్ పాయింట్ అంటారు దాన్ని. మన విశాఖ అలలా ఒక్కసారిగా విరిగిపడదు. ఒక కొస దగ్గర మొదలై, గుడ్డ మడత విప్పినట్టు నెమ్మదిగా పియర్ వైపు, అంటే సముద్రంలోకి కట్టిన చెక్క వంతెన వైపు, విరుచుకుంటూ పోతుంది. మాలిబు క్రీక్ అనే ఏరు తెచ్చిపోసిన గులకరాళ్ల వల్ల అడుగున ఆ వాలు ఏర్పడింది. తీరం దక్షిణానికి చూస్తుంది కాబట్టి, భూగోళం అవతలి సగంలో చలికాలం తుపానులు లేపిన కెరటాలు వేల మైళ్లు ప్రయాణించి వేసవిలో ఇక్కడికి చేరతాయి. ప్రపంచంలో మొట్టమొదటి సర్ఫింగ్ రిజర్వ్‌గా, అంటే సర్ఫింగ్ కోసం కాపాడుకోవాల్సిన తీరంగా, 2010లో ఈ చోటునే గుర్తించారు. ఇంత ఉన్నా జనం మాత్రం మన పుష్కరాల రేవే, ఒక్కో అల మీద ఐదారుగురు.

పాక లేదు. ఉంటుందని కాదు, ఆనవాలైనా కనిపిస్తుందేమో అనుకున్నాను. సర్ఫింగ్ బోర్డుకి మైనం రుద్దుకుంటున్న ఒకావిడని అడిగాను. డెబ్బై ఏళ్లుంటాయి, భుజాలు మాత్రం ఈతగత్తెవి. "పాక ఇక్కడే ఉండేది. సినిమా తీసింది మాత్రం ఇక్కడ కాదు, ఇంకా అవతల లియో కారిల్లో బీచ్‌లో" అంది.

మనసు చివుక్కుమంది. ముప్ఫై ఏళ్లుగా మాలిబు అనుకుంటున్నది మాలిబు కాదు.

ఆవిడ పక్కన కూర్చోమని చోటు చూపించింది. ఆ కథలోని పిల్ల నిజం మనిషి, పేరు కాథీ కోనర్. 1956 వేసవిలో, పదిహేనేళ్ల వయసులో ఇక్కడికొచ్చింది. అప్పుడు టెర్రీ ట్రేసీ అనే సర్ఫర్ వేసుకున్న పాక నిజంగానే ఈ ఇసుకలో ఉండేది. కాథీ ఇంటి నుంచి సాండ్‌విచ్‌లు తెచ్చి ఇచ్చి, బదులుగా కుర్రాళ్ల బోర్డులు వాడుకునేది. ఇంటికెళ్లి ఒడ్డున జరిగిందంతా చెబుతుంటే వాళ్ల నాన్న విని 1957లో నవల రాశాడు. సినిమాలో సాండ్రా డీ బదులు అలల మీద నిలబడింది మిక్కీ మునోజ్ అనే కుర్రాడు, ఆడపిల్ల విగ్గూ ఈత దుస్తులూ వేసుకుని. ఆవిడ ఇంకోటి చెప్పింది. 1947లో జో క్విగ్ అనే ఆయన డారిలిన్ జానక్ అనే అమ్మాయి కోసం తేలికైన చిన్న బోర్డు చేసిస్తే, అది ఎటు కావాలంటే అటు తిరుగుతుందని మగపిల్లలు అరువడిగి తీసుకుని తిరిగి ఇవ్వబుద్ధి కాక తిప్పలు పెట్టారట.

అప్పుడు నాకు సినిమా వేరేగా కనిపించింది. చిన్నప్పుడు ఆ అమ్మాయికి అబ్బాయి దొరికాడా లేదా అన్నదే కథ అనుకున్నాం. దొరకాల్సింది బోర్డు. ఆ సాండ్‌విచ్‌లే అసలు కథ. ఇంటికొచ్చి సముద్రం గురించి చెబితే కూర్చుని విన్న నాన్న ఉన్నాడే, ఆయన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

పియర్ దగ్గర రెండు చేప టాకోలకి ఇరవై రెండు డాలర్లు తీసుకున్నారు. అందులో చేప ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. మళ్లీ 134 ఎక్కి ట్రాంకాస్ దాకా వెళ్తే బస్సు అక్కడితో ఆఖరు. లియో కారిల్లో ఇంకా ఐదారు మైళ్లు. క్యాబ్ పిలిస్తే, అక్కడ సిగ్నల్ సరిగ్గా ఉండదని డ్రైవరే చెప్పి, గంటసేపు ఆగి వెనక్కి తెస్తానని మొత్తం తొంభై డాలర్లు అడిగాడు. ఆ డబ్బుతో విశాఖ నుంచి అరకు వెళ్లి రావచ్చు. ఎక్కేశాను.

లియో కారిల్లోలో రాళ్లు మాత్రం సినిమాలో చూసినవే. నీళ్లలో నిలబడ్డ పెద్ద బండ, పక్కన గుహలు. పాక ఎక్కడ వేసి ఉంటారో చూడలేదు. చెప్పులు విప్పి, ఫోన్ సంచిలో పెట్టి, నీళ్లలోకి నడిచాను. మోకాళ్ల దగ్గర కాళ్లు వాటంతటవే ఆగాయి. ఒక అల వెళ్లిపోయేదాకా చూసి ఇంకో నాలుగడుగులు వేశాను.

ట్రాంకాస్ వచ్చాక తడి బట్టలతోనే అమ్మకి ఫోన్ చేశాను. అక్కడ పొద్దున్న ఆరు, పాలు పొంగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"సముద్రంలో దిగానమ్మా, నడుము దాకా."

అవతల స్టవ్ ఆపిన చప్పుడు. తిడుతుందనుకున్నాను.

"నీళ్లు చల్లగా ఉన్నాయా?" అని అడిగింది.