పుండ్లు మానాక మిగిలిన కడుపునొప్పి

నాకు క్రోన్స్ వ్యాధి, అంటే పేగు వాచి పుండ్లు పడే దీర్ఘకాలపు జబ్బు, చిన్నపేగు చివర. మందులకు అణిగింది, కొలనోస్కోపీలో పుండ్లు మానాయి. అయినా అన్నం తిన్న గంటకల్లా బొడ్డు చుట్టూ మెలిపెట్టేది. రిపోర్టులు బాగున్నాయని ఆ నొప్పిని ఉత్తిదే అనకూడదు. చాన్నాళ్లు వాచి మానిన పేగులో కొందరికి నరాలు సున్నితమైపోతాయి, కాస్త గ్యాస్ చేరినా నొప్పే. అలాగని జబ్బు తిరగబెట్టిందనుకుని ఇంట్లో మిగిలిన స్టెరాయిడ్ మాత్రలు సొంతంగా మింగడం ఇంకా పెద్ద తప్పు.

ముందు మలంలో కాల్‌ప్రొటెక్టిన్ చూపించాలి, పేగు వాస్తే మలంలో పెరిగే ప్రొటీన్ అది. పొద్దున మొదటి విరేచనం నుంచి, మూత్రం, నీళ్లు కలవకుండా తీసి, ల్యాబ్‌కి ఇచ్చేదాకా ఫ్రిజ్‌లో ఉంచాలి. మన ఒంగోలు ఎండలకు బయట పెట్టొద్దు. గ్రాముకు 50 మైక్రోగ్రాముల లోపుంటే వాపు లేనట్టే. 250 దాటితే జబ్బు లేచిందేమోనని చూడాలి. మధ్యలో ఉంటే కొన్ని వారాలాగి మళ్లీ చేయించాలి. మోకాలి నొప్పికని డైక్లోఫెనాక్ వేసుకున్నా అంకె పెరగొచ్చు, అది పేగుకూ చేటే. చిన్నపేగు జబ్బును ఈ పరీక్ష ఒక్కోసారి పట్టుకోలేదు. అందుకే పేగు సన్నబడిందేమో పేగుకు తీసే ఎమ్మారై స్కాన్‌లో చూస్తారు. సన్నబడితే మునక్కాయ పిప్పి, తోటకూర కాడలు మింగకూడదు. కడుపు ఉబ్బి, వాంతులై, గ్యాస్ కూడా పోకపోతే అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

అవేవీ లేవని తేలాక తిండి సంగతి. ఉల్లి, వెల్లుల్లి, పాలు, కందిపప్పు నాలుగు వారాలు ఆపి, తర్వాత ఒక్కొక్కటే మూడేసి రోజులు కొద్దికొద్దిగా పెంచుతూ తిని చూడాలి. రెండు కలిపి మొదలుపెడితే ఏది పడలేదో తేలదు. చేపల పులుసులో ఉల్లిపాయ ముక్కలు ఏరి పక్కన పెడితే చాలనుకుంటారు. చాలదు. గ్యాస్ పుట్టించే పిండిపదార్థం నీళ్లలో కరుగుతుంది, అప్పటికే పులుసులోకి దిగిపోయి ఉంటుంది. నూనెలో మాత్రం కరగదు. అందుకని వెల్లుల్లి రెబ్బలు చితక్కుండా నూనెలో వేయించి, తీసేసి, ఆ నూనెలోనే మెంతులు, కరివేపాకు వేసి చింతపండు పులుసు పోయాలి. వాసన ఉంటుంది, ఉబ్బరం ఉండదు.

నాకు కందిపప్పు పడింది, పెరుగూ పడింది. ఉల్లిపాయ పడలేదు. మిగిలిన కాస్త నొప్పికి డాక్టరు రాత్రిపూట అమిట్రిప్టిలిన్ 10 మిల్లీగ్రాములు రాశారు. అది మనోవ్యాధి మందని మానేయొద్దు, ఆ మోతాదులో నరాల నొప్పి తగ్గించడానికే ఇస్తారు. గుణం కనబడటానికి కొన్ని వారాలు పడుతుంది. దానివల్ల మలబద్ధకం వస్తే డాక్టరుకు చెప్పాలి, మలం గట్టిపడినా మళ్లీ అదే నొప్పి. క్రోన్స్ మందు మాత్రం ఒక్క పూట కూడా తప్పించలేదు.