ఆంటిగ్వా నుంచి గ్రెనడాకు చెక్క పడవ మీద

కరీబియన్ సముద్రంలో జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా తుపానుల కాలం. ఆ గడువు దగ్గరపడేసరికి ఉత్తర దీవుల్లో తిరిగే పడవలు చాలావరకు దక్షిణానికి బయలుదేరతాయి. అలా గ్రెనడాకు దిగుతున్న ఒక పడవకు సాయంగా ఒక మనిషి కావాలని తెలిసింది. వయసు మళ్లిన దంపతులు, వాళ్లకంటే వయసు మళ్లిన నలభై అయిదు అడుగుల చెక్క యాట్, అంటే తెరచాపతో నడిచే విహార పడవ. జీతం లేదు. తిండి ఖర్చులో నా వాటా నేనే పెట్టుకోవాలి. ఏప్రిల్ చివరి వారంలో ఆంటిగ్వా దీవిలోని ఇంగ్లిష్ హార్బర్‌లో ఆ పడవ ఎక్కాను.

ఇంగ్లిష్ హార్బర్ కొండల మధ్య దాగిన రేవు. పద్దెనిమిదో శతాబ్దంలో బ్రిటిష్ నౌకాదళం తన ఓడలను బాగుచేసుకోవడానికి దాన్ని కట్టుకుంది. బ్రిటిష్ నౌకాదళాధికారి హొరేషియో నెల్సన్ 1784 నుంచి 1787 దాకా అక్కడ పనిచేశాడు కాబట్టి ఆ మరమ్మతు యార్డుకు ఆయన పేరు పెట్టారు. రాళ్లు మోసి కట్టిన ఆఫ్రికన్ బానిసల పేర్లు మాత్రం గోడల మీద ఎక్కడా కనిపించవు. 1889లో నౌకాదళం వెళ్లిపోయాక అదంతా శిథిలమైంది. 1949లో వెర్నన్ నికల్సన్ అనే మాజీ నౌకాదళాధికారి కుటుంబంతో సహా మాలీహాక్ అనే తెరచాప ఓడలో వచ్చి ఆగాడు. అతిథులను డబ్బు తీసుకుని దీవుల మధ్య తిప్పడం మొదలుపెట్టాడు. అక్కడి యాట్ల వ్యాపారమంతా ఆ ఒక్క ఓడ వెనకే పెరిగింది. 2016లో యునెస్కో ఆ రేవును ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది.

ఏటా ఏప్రిల్‌లో అక్కడ పాత యాట్లకు పందేలు జరుగుతాయి. నేను చేరేసరికి పందేలు అయిపోయినా కొన్ని పడవలు ఇంకా కదలలేదు. వార్నిష్ వేసిన వాటి చెక్కలో మనిషి ముఖం కనిపిస్తుంది. ఇత్తడి సామాను పొద్దున ఎనిమిదికల్లా తోమడం అయిపోతుంది. చూడముచ్చటగా ఉన్నాయి కానీ ఎక్కడ చెయ్యి వేయాలన్నా జంకే. అలాంటి అందగత్తెకు ఆ దీవిలోనే ఏ గతి పట్టిందో మా కెప్టెన్ చెప్పాడు. స్కాట్లండ్‌లో విలియం ఫైఫ్ కార్ఖానాలో 1936లో తయారైన ఐలీన్ అనే యాట్ చివరికి పట్టించుకునేవాళ్లు లేక ఆంటిగ్వాలోనే శిథిలమవుతూ పడి ఉంది. 2006లో ఇటలీ గడియారాల కంపెనీ ఒకటి కొని, వియారెజ్జోకు తీసుకుపోయి, మళ్లీ నీటిలోకి దింపేసరికి 2009 అయింది. గడియారాల కంపెనీ దొరకని పడవల సంగతి నేను అడగలేదు.

మా పడవ కూడా ఆ కాలానిదే. ఓక్ వంపుకర్రల మీద టేకు పలకలు, వాటికి కంచు మరలు. మొదటి ఉదయం నాకు అప్పగించిన పని, తాడు కట్టిన బకెట్‌తో సముద్రపు నీళ్లు తోడి డెక్కంతా తడపడం. సాయంత్రం మళ్లీ అదే. ఎండకు పలకలు కుంచించుకుపోతే వాటి మధ్య సందులు విచ్చుకుంటాయి, తడిస్తే ఉబ్బి మూసుకుంటాయి. మంచినీళ్లతో ఎందుకు కడగకూడదంటే చెక్కను తినే బూజుకు మంచినీళ్లే ప్రాణం. ఉప్పునీటిలో అది బతకదు. వానే చెక్క పడవకు అసలు శత్రువని కెప్టెన్ భార్య ఎన్నిసార్లు అన్నదో. తుపానులంటే భయపడేది నేనొక్కణ్నే. ఆవిడ భయమంతా తెరచాపను నిలిపే మాస్టు మొదట్లో, తలుపుల మూలల్లో నిలిచే చిటికెడు వాననీటి గురించే.

నీటి కింద బాధ వేరు. ఉష్ణమండల సముద్రాల్లో ఓడపురుగు చెక్కలోకి సూదిమొనంత రంధ్రం చేసుకుని పోయి లోపల సొరంగాలు తవ్వుతుంది. పైకి ఏమీ కనిపించదు. రాగి కలిసిన రంగు ఉన్నంతవరకే రక్షణ, అది ఎక్కడ గీరుకుపోతే అక్కడ ద్వారం తెరిచినట్టే. ఇక నీటిపైన ఉన్న చెక్క మీది వార్నిష్‌ను ఎండ నెలల్లోనే పొట్టు పొట్టుగా లేపుతుంది. ఒక కొస నుంచి గరుకు కాగితంతో రుద్ది వార్నిష్ వేసుకుంటూ రెండో కొసకు చేరేసరికి మొదటి కొస పిలుస్తూ ఉంటుంది. ప్రయాణం చేసే యాట్ మీద తెరచాప ఎత్తిన గంటలకంటే గరుకు కాగితం పట్టిన గంటలే ఎక్కువ. సూర్యాస్తమయాల ఫొటోలు చూసి ఈ బతుకు కోరుకునేవాళ్లకు నేనైతే ముందు ఒక చదరపు అడుగు చెక్క ఇచ్చి రుద్దమంటాను.

నా పాస్‌పోర్టులో ఫ్రెంచి దీవుల వీసా లేదు. కాబట్టి గ్వాడెలూప్‌లో ఆగకుండా నేరుగా డొమినికాకు, దాదాపు తొంభై సముద్రపు మైళ్లు. మధ్యాహ్నం బయలుదేరాం. మా పడవది పాతకాలపు గాఫ్ తెరచాప. దాని పై అంచుకు కూడా ఒక బరువైన కర్ర ఉంటుంది, ఆ కర్ర రెండు కొసలకూ రెండు తాళ్లు. ఇద్దరు మనుషులు సమానంగా లాగితేనే అది అడ్డంగా పైకి పోతుంది. కెప్టెన్‌కు డెబ్బై దాటాయి, అయినా నేను ఆయన వేగం అందుకోలేకపోయాను. తూర్పు నుంచి ఇరవై నాట్ల (గంటకు ఇరవై సముద్రపు మైళ్ల) వ్యాపార పవనం, ఎడమ పక్క నుంచి అట్లాంటిక్ అలలు. పడవ ఒరిగి పరుగు అందుకోగానే లోపల చెక్క అంతా కిర్రుకిర్రుమంది. కొత్తవాడినని గమనించి ఆవిడ చెప్పింది: ‘చప్పుడు చేస్తున్నంతసేపు బాగానే ఉన్నట్టు.’

రాత్రి మూడు గంటలు కాపలా, ఆరు గంటలు విశ్రాంతి. కాపలా దిగేముందు పంపు కొట్టి అడుగున చేరిన నీరు తోడాలి. ఎన్ని దెబ్బలకు పంపు ఖాళీ గాలి పీల్చిందో నోటుపుస్తకంలో రాయాలి. పడవ ఒరిగి పరుగెత్తేటప్పుడు పలకలు కాస్త కదులుతాయి, కొంచెం నీరు రావడం మామూలే. అంకె ఉన్నట్టుండి పెరిగితేనే అందరినీ లేపాలి. గ్వాడెలూప్ పడమటి వైపుకు చేరేసరికి దాదాపు పదిహేను వందల మీటర్ల సూఫ్రియేర్ అగ్నిపర్వతం గాలిని పూర్తిగా మింగేసింది. తెరచాపలు చప్పట్లు కొట్టసాగాయి. ఇంజను వేయక తప్పలేదు. దీవి దాటగానే గాలి మళ్లీ ఒక్క ఊపున వచ్చిపడింది. ఈ దీవుల వరుసలో ఇదే తంతు, ప్రతి కొండ చాటునా నిద్ర, ప్రతి జలసంధిలో కుస్తీ.

డొమినికాలో పోర్ట్స్‌మత్ రేవులో లంగరు వేశాం. పసుపు జెండా ఎగరేసి, కెప్టెన్ ఒడ్డుకు వెళ్లి కస్టమ్స్ కాగితాలు పూర్తి చేసి దాన్ని దించాక గానీ తక్కినవాళ్లు ఒడ్డున కాలు పెట్టకూడదు. అక్కడి నుంచి నేనొక్కణ్నే బస్సుల్లో తూర్పు తీరానికి వెళ్లాను. అక్కడ కలినాగో ప్రజల ప్రాంతం ఉంది. కొలంబస్ రాకముందు నుంచీ ఈ దీవుల్లో ఉన్నవాళ్లు. 1903లో బ్రిటిష్ ప్రభుత్వం 3,700 ఎకరాలు వాళ్లకు కేటాయించింది. గొమియే అనే పెద్ద చెట్టును దొలిచి దోనె చేస్తారు. దొలిచిన మానులో రాళ్లూ నీళ్లూ నింపి బరువుతో మెల్లగా వెడల్పు చేస్తారు, తర్వాత అంచులకు పలకలు బిగించి ఎత్తు పెంచుతారు. నేను చూసినది ఒక షెడ్డు కింద సగంలో ఆగి ఉంది. మంచి మాను కోసం ఇప్పుడు చాలా పైకి ఎక్కాల్సి వస్తోందని అక్కడి కుర్రవాడు చెప్పాడు.

తరువాతి దూకుడు పెద్దది, ఏకంగా బెక్వే దాకా. మార్టినిక్ పక్కగా పోతున్నప్పుడు మధ్యాహ్నం పెలే శిఖరం మబ్బులోంచి బయటపడింది. 1902 మే 8న అది పేలినప్పుడు కింద ఉన్న సెయింట్ పియర్ పట్టణం నిమిషాల్లో బూడిదైంది. సుమారు 28 వేల మంది పోయారు. రేవులో లంగరు వేసిన ఓడలు కూడా తగలబడ్డాయి. రాడమ్ అనే ఆవిరి ఓడ ఒకటి కాలుతూనే తప్పించుకుని సెయింట్ లూసియా చేరింది. ఆ నీటి మీదుగానే మేం టీ తాగుతూ వెళ్లాం. సెయింట్ లూసియా రాత్రిలో, దీపాలుగా మాత్రమే గడిచిపోయింది.

బెక్వే చిన్న దీవి. ఊళ్లో సగం పడవలు కట్టిన కుటుంబాలే. పోర్ట్ ఎలిజబెత్ దుకాణాల్లో ఇప్పుడు వాళ్లు చెక్కే బొమ్మ పడవలు అమ్ముతారు. అసలు పడవలకు గిరాకీ తగ్గింది మరి. తిమింగలాలను వేటాడే పొడవైన తెరచాప పడవలు మాత్రం ఇంకా ఉన్నాయి. చేతితో విసిరే ఈటెతో, అంతర్జాతీయ తిమింగలాల వేట కమిషన్ అనుమతించిన కొద్ది సంఖ్యలోనే వేట. దాని మీద మా పడవలో పెద్ద వాదన జరిగింది, ఎవరూ గెలవలేదు. టొబేగో కేస్ పగడపు దిబ్బల గురించి అందరూ రాశారు. తాబేళ్లు ఉన్నాయి, నీళ్లు నీలంగా ఉన్నాయి, అద్దె పడవలు కిక్కిరిసి ఉన్నాయి.

నేను ఈ ప్రయాణానికి ఒప్పుకున్నది మాత్రం కారియకూ కోసమే. 2024 జూలై 1న బెరిల్ తుపాను కేటగిరీ 4 తీవ్రతతో ఆ దీవిని తాకి దాదాపు ఏ ఇంటినీ వదల్లేదు. నేను వెళ్లేసరికి కూడా చాలా కప్పుల మీద నీలం టార్పాలిన్లే ఉన్నాయి. ఈశాన్యాన విండ్‌వర్డ్ అనే పల్లె. పందొమ్మిదో శతాబ్దంలో స్కాట్లండ్ నుంచి వచ్చిన ఓడల వడ్రంగుల సంతతి అక్కడ స్థానికుల్లో కలిసిపోయి సముద్రపు ఒడ్డునే పడవలు కడుతూ వస్తోంది. పక్కనున్న పెటీ మార్టినిక్ దీవితో కలిపి ఈ విద్యను 2023లో యునెస్కో వారసత్వాల జాబితాలో చేర్చింది. వీళ్లకు ప్లాను లేదు, కాగితం లేదు. అడుగు దూలం నిలిపి, మధ్య వంపుకర్రలు కంటి అంచనాతో పెట్టి, మిగతావి వాటిని బట్టి సరిచూసుకుంటారు. వంపుకర్రలకు వైట్ సీడర్ అనే చెట్టు కర్ర వాడతారు. కొండల మీద సహజంగానే వంగి పెరిగిన కొమ్మలను వెతికి నరుకుతారు. వంచిన కర్రకంటే వంగిన కర్రకు బలం ఎక్కువ.

కొబ్బరిచెట్ల కింద ఒక పడవ పక్కటెముకలతో నిలబడి ఉంది. ఎంతకాలం పడుతుందని అక్కడి పెద్దాయనను అడిగాను. ‘డబ్బులుంటే కడతాం, లేకుంటే చేపలు పడతాం’ అన్నాడు. పూర్తయ్యాక నీటిలోకి దింపడం ఊరి పండుగ. మేకనో గొర్రెనో బలిస్తారు, పాదిరి దీవిస్తాడు, రమ్ పోస్తారు. ఆసరా కర్రలను ఒక్కొక్కటే గొడ్డలితో నరుకుతూ పడవను పక్కకు ఒరిగించి, దుంగల మీద ఊరంతా కలిసి లాగుతారు. ఆంటిగ్వాలో అద్దంలా మెరిసిన యాట్లకంటే బురుసు పూత వేసిన ఈ పడవలే నాకు నచ్చాయి. వాటి మీద అరటిగెలలు ఎక్కుతాయి, సిమెంటు బస్తాలు ఎక్కుతాయి, 1965లో మొదలైన ఆగస్టు పందేలకు అవే పరుగెత్తుతాయి.

పెద్దాయన మా పడవను చూడటానికి వచ్చాడు. టేకును మెచ్చుకోలేదు, ఎప్పటిదని అడగలేదు. ‘పంపు ఎన్ని దెబ్బలు?’ అన్నాడు. కెప్టెన్ అంకె చెప్పాడు. పెద్దాయన నవ్వి, మోకాళ్ల మీద కూర్చుని, అడుగు పలకల సందులో వేలు పెట్టి చాలాసేపు తడిమాడు. ముందు భాగంలో కుడివైపు రెండు పలకలు చూపించి అవి తీయాల్సిందేనన్నాడు.

గ్రెనడాకు దారిలో కిక్ ఎమ్ జెన్నీ ఉంది. అది సముద్రం అడుగున ఉన్న అగ్నిపర్వతం, గ్రెనడాకు ఎనిమిది కిలోమీటర్ల ఉత్తరాన. 1939లో మొదటిసారి బయటపడింది. అది పొంగేటప్పుడు వాయువుల బుడగలతో నీరు పలచబడి ఓడలు తేలే శక్తి కోల్పోతాయి. అందుకే మామూలు రోజుల్లో కూడా ఒకటిన్నర కిలోమీటర్ల లోపలికి ఎవరూ పోకూడదు. మా కెప్టెన్ అయిదు కిలోమీటర్లు వదిలి చుట్టూ తిప్పాడు.

దక్షిణ తీరంలోని ఒక పడవల యార్డులో క్రేను మమ్మల్ని నీటిలోంచి ఎత్తింది. అక్కడి వడ్రంగి చిన్న సుత్తితో పలకలన్నీ తట్టుకుంటూ వచ్చి కుడివైపు ముందు భాగంలో ఆగాడు. కారియకూ పెద్దాయన చూపించినవే, రెండు పలకలు. ఓడపురుగు తవ్విన సొరంగాలు విరిచి చూపించాడు. ఇక మిగిలింది అడుగు రంగు గీకడం. రాగి దుమ్ము ఊపిరితిత్తులకు విషం, అందుకని మూతికి గుడ్డ కట్టి, నీళ్లు పోస్తూ తడి మీదే రుద్దాలి. ఎడమ పక్క నాకు వచ్చింది. విమానం ఎక్కే రోజుకు అందులో సగం కూడా పూర్తికాలేదు.