చార్లెస్ బ్రిడ్జి మీద మా పాప అడిగిన ప్రశ్న

మేం చెక్ దేశంలోని ప్రాగ్ వచ్చి నాలుగేళ్ళయింది, ఇంటికి ఎవరొచ్చినా ముందు చార్లెస్ బ్రిడ్జికే తీసుకెళ్తాం. ఈసారి మా అమ్మ వచ్చింది, అన్నీ చూపించే పని మా ఏడేళ్ళ పాప తీసుకుంది. 1357లో నాలుగో చార్లెస్ రాజు పునాది వేశాడట, సున్నంలో కోడిగుడ్లు కలిపారట అని స్కూల్లో విన్నదంతా సగం తెలుగు సగం చెక్‌లో చెప్తుంటే మా అమ్మ వెంటనే "మనవాళ్ళు బెల్లం, కరక్కాయ కలిపేవాళ్ళే" అంది, ఇంక ఇద్దరికీ మాటలే మాటలు.

516 మీటర్ల పొడుగు, రెండు పక్కలా కలిపి 30 విగ్రహాలు. ఇప్పుడున్నవి చాలావరకు నకళ్ళే, అసలువి మ్యూజియంలో దాచారు. సెయింట్ల విగ్రహాల్లో అన్నిటికన్నా పాతది 1683లో పెట్టిన నెపొముక్ యాన్ కంచు విగ్రహం. ఈయన చర్చి ఫాదర్, రాణి కన్ఫెషన్‌లో, అంటే పాపాలు ఒప్పుకుంటూ, తనకి చెప్పిన మాట రాజుకి చెప్పనన్నాడని, అందుకే 1393లో ఆయన్ని ఈ బ్రిడ్జి మీంచే వల్తావా నదిలోకి తోసేశారని కథ. కింద కంచు పలక జనం తాకీ తాకీ బంగారంలా మెరుస్తుంటుంది. పాప కూడా తాకింది, తాకిన చెయ్యి కళ్ళకద్దుకుంది! నేను నేర్పలేదు, గుడి గడప దగ్గర అమ్మమ్మని చూసి పట్టేసుంటుంది. తెలుగులో మాట్లాడవే అని రోజూ దాని వెంటపడే నాకు అక్కడ కళ్ళనీళ్ళు తిరిగాయి.

కొంచెం అవతల ఫ్రాన్సిస్ జేవియర్ విగ్రహం, శిల్పి బ్రోకోఫ్ 1711లో చెక్కింది. దాంట్లో జ్ఞానస్నానం కోసం మోకాళ్ళ మీదున్న రాజు భారతీయుడని చెప్తారు. "అమ్మా, ఆయన మనవాడా? మరి ఎందుకలా కూర్చున్నాడు?" అంది. మాట మార్చేద్దామా అనిపించింది కానీ మనసొప్పలేదు, జేవియర్ 1542లో గోవా వచ్చాడని, మనవాళ్ళని తన క్రైస్తవ మతంలోకి తీసుకోవడానికే వచ్చాడని, ఇక్కడివాళ్ళు మనల్ని అప్పట్లో ఇలా ఊహించుకున్నారని నాకు తెలిసినంత చెప్పాను. 1890 వరదల్లో ఆ విగ్రహం నదిలో పడిపోయింది, ఇది తర్వాత చేసి పెట్టిన నకలు అని కూడా చెప్పా.

"మళ్ళీ చేసినప్పుడైనా ఆయన్ని నిలబెట్టొచ్చు కదమ్మా" అంది.

ఇంటికొచ్చాక డ్రాయింగ్ బుక్ ముందేసుకుని కూర్చుంది, పంచె అంచు ఏ రంగు వెయ్యాలి అమ్మమ్మా అని అడుగుతూ ఆ రాజుని నిలబెట్టి గీసింది.